మార్లవాయి బడి నుంచి మన పెద్దసారు దాకా

మార్లవాయి ఇప్పుడు కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో ఉంది. ఏటా జనవరి 11న ఆ ఊళ్లో రెండు సమాధుల దగ్గర జనం కూడుతారు. ఒకటి 1987లో కన్నుమూసిన బెట్టీ ఎలిజబెత్‌ది, పక్కది ఆమె భర్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ది. పూలదండలు, ఉపన్యాసాలు, ఫొటోలు అన్నీ అవుతాయి. ఆయన పరిశోధన గురించి చెప్తారు, నాగోబా దర్బారు గురించి చెప్తారు. అదే ఊళ్లో 1943లో మన పిల్లలకు మన భాషలో చదువు చెప్పేందుకు మన మనుషులనే పంతుళ్లుగా తయారుచేసిన శిక్షణ కేంద్రం మొదలైందన్న మాట మాత్రం ఒక వాక్యంలో వచ్చి పోతుంది. మేం బడిపంతుళ్లం. మాకు ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగాలనిపిస్తుంది.

ముందు ఒక సంగతి చెప్పుకోవాలి. ఆ బడి ఎవరి దయ వల్లా రాలేదు. 1940లో జోడేఘాట్ గుట్టల్లో కుమ్రం భీం, ఆయన వెంట నిలిచినవాళ్లు నిజాం పోలీసుల తూటాలకు ఒరిగారు. మనవాళ్లు అంతగా ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అవసరం అప్పుడు గాని హైదరాబాదు సర్కారుకు కనబడలేదు. హైమన్‌డార్ఫ్ ఆస్ట్రియా దేశస్థుడు. ఆ దేశాన్ని జర్మనీ కలిపేసుకోవడంతో ఆయన చేతిలో జర్మన్ పాస్‌పోర్టు మిగిలింది. యుద్ధం వచ్చేసరికి ఇంగ్లీషువాళ్ల లెక్కలో శత్రుదేశపు మనిషి అయ్యారు, హైదరాబాదు రాజ్యంలోనే ఉండిపోవాల్సి వచ్చింది. మొదట చెంచుల మధ్య, తర్వాత గోదావరి పక్క కొండరెడ్ల మధ్య, ఆ తర్వాత మన దగ్గర పనిచేశారు. లచ్చు పటేల్ ఊరైన మార్లవాయిలో గుడిసె వేసుకుని, భార్యతో కలిసి ఉండి, గోండీ నేర్చుకున్నారు. ఆయన చేసింది మంచిపనే, కాదనం. కానీ భీం నెత్తురు చిందకపోతే మార్లవాయిలో బడి లేదు. పిల్లలకు చెప్పేటప్పుడు ఈ వరుసను తలకిందులు చేయకూడదు.

ఆ రోజుల్లో మన భూములు పోయింది కేవలం బలం వల్ల కాదు, కాగితం వల్ల. అడవి కొట్టి, రాళ్లు ఏరి, దున్నుకున్న చేను ఎవరి పేరిట రాసి ఉందో దున్నినవాడికి తెలియదు. కాగితం ఉర్దూలోనో మరాఠీలోనో ఉంటుంది. దాన్ని చదివేది పట్వారి, చదివి చెప్పేది షావుకారు. రసీదు మీద ఎంత రాశాడో, నోటు మీద ఎంత రాశాడో వేలిముద్ర వేసినవాడికి అందదు. అందుకే మార్లవాయి బడిని అక్షరాస్యత పథకంగా మాత్రమే చూస్తే తప్పు. అది భూమి నిలుపుకోవడానికి వేసిన ఎత్తు. అప్పట్లో సర్కారులో రెవెన్యూ వ్యవహారాలు చూసిన గ్రిగ్సన్ అంతకుముందు బస్తర్ మారియాల గురించి పుస్తకం రాసినవాడు. ఆయన అండ కూడా ఆ పనికి దొరికింది. సేతుమాధవరావు పగడి అనే అధికారి గోండీ నేర్చుకుని దాని వ్యాకరణం మీద కూడా పనిచేశారు. ఒక అధికారి మన భాష నేర్చుకోవడం ఇప్పుడు వార్త అవుతుంది, అప్పట్లో అది ఉద్యోగంలో భాగంగా జరిగింది.

పని ఎక్కడ మొదలుపెట్టారన్నది మాకు అన్నిటికన్నా ముఖ్యం. ముందు భవనం కట్టి, తర్వాత పంతుల్ని వెతకలేదు. ముందు పంతుల్ని తయారుచేశారు. అప్పటికి గోండుల్లో చదువు వచ్చినవాళ్లు దాదాపు లేరు. ఎక్కడో ఒకరిద్దరు మరాఠీ అక్షరాలు పట్టుకున్నవాళ్లు ఉన్నారు. అలాంటి కొద్దిమందిని చేరదీసి శిక్షణ ఇచ్చారు. వాళ్లకు ఆ అక్షరాలు ముందే తెలుసు కాబట్టి గోండీని దేవనాగరి లిపిలో రాశారు. వాచకాలు గోండీలో అచ్చయ్యాయి. వాటిలో మన కథలు, మన ఊరి పనులు పాఠాలయ్యాయి. ఇక్కడ నేర్చుకున్నవాళ్లు ఊళ్లకు వెళ్లి బళ్లు నడిపారు. కొందరు పంతుళ్లుగా ఉండిపోతే, కొందరు చిన్నచిన్న సర్కారు కొలువుల్లోకి వెళ్లారు. ఊరికి వచ్చిన కాగితాన్ని ఊరివాడే చదివే రోజు అలా వచ్చింది.

మనకు తరచూ చెప్పే మాట ఒకటుంది. ‘మీలో అర్హత ఉన్నవాళ్లు దొరకలేదు, అందుకే బయటివాళ్లను వేశాం’ అని. 1943లో అయితే నిజంగానే దొరకలేదు. అయినా వాళ్లు ఆ మాట అనుకుని కూర్చోలేదు, కొద్దోగొప్పో చదివిన మనిషిని తీసుకుని పంతుల్ని చేసుకున్నారు. ఎనభై ఏళ్ల తర్వాత, ఇంటికో డిగ్రీ ఉన్న రోజుల్లో, అదే సాకు ఎలా చెల్లుతోందో మాకు అర్థం కాదు.

1948లో రాజ్యం మారింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. పైన భాష మారినప్పుడల్లా కింద బడి భాష మారింది. ఉర్దూ పోయి తెలుగు వచ్చింది, మహారాష్ట్ర అంచు ఊళ్లలో మరాఠీ నిలిచింది. ఈ రెంటి మధ్య గోండీ వాచకాలు తరగతి గది విడిచిపోయాయి. హైమన్‌డార్ఫ్ 1970ల చివర మళ్లీ వచ్చి చూశారు. చూసింది 1982లో వచ్చిన పుస్తకంలో రాశారు. పోయిన భూముల గురించి, పడిపోయిన బడి గురించి ఆయన రాసిన తీరులో నొప్పి కనబడుతుంది. ఆయన వచ్చిపోతున్న ఆ రోజుల్లోనే, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో మళ్లీ మనవాళ్ల మీద కాల్పులు జరిగాయి. నలభై ఏళ్లకు కూడా అడిగింది భూమే.

మేం బడికి వెళ్లింది ఆ తర్వాతి కాలంలో. మొదటిరోజు దాహమైంది. లేచి ‘ఏర్’ అన్నాం. మన భాషలో ఏర్ అంటే మంచినీళ్లు. సారుకు తెలుగు ‘ఏరు’ వినబడింది. వాగు దగ్గరికి పోతానంటున్నాడనుకుని కూర్చోమన్నారు. రెండోసారి అడిగితే బెత్తం చూపించారు. ఆయన చెడ్డమనిషి కాదు. నెలకోసారి జీతం కోసం పట్నం వెళ్లి, వచ్చేటప్పుడు పిల్లలకు బిస్కెట్లు తెచ్చేవారు. కానీ మూడేళ్లు మా ఊళ్లో ఉండి కూడా నీళ్లకు మా మాట ఏమిటో తెలుసుకోలేదు. తెలుసుకోమని ఆయనకు పైనుంచి చెప్పినవాళ్లూ లేరు. మాతో చేరిన పద్నాలుగు మందిలో ఐదో తరగతి దాటింది ముగ్గురం. మిగతా పదకొండు మందికీ బుర్ర లేదని అప్పట్లో మేమూ నమ్మాం. పంతుళ్ల శిక్షణలో చేరి పిల్లల మనస్తత్వం పాఠం చదివాక గాని ఆ నమ్మకం పోలేదు.

ఇలాంటి చోట బడి పెద్ద ఎలా ఉండాలో చూపినవాళ్లు మార్లవాయికి ముందూ ఉన్నారు, బయటా ఉన్నారు. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన గిడుగు వెంకట రామమూర్తి పక్క కొండల సవరల భాష నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాశారు, సవర పిల్లలకు బడి పెట్టించారు, సవర నిఘంటువు తయారుచేశారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని మన బళ్లన్నిటిలో తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతాం. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం చెప్తాం. సవర మాత్రం చెప్పం. ఎవరు మాట్లాడే భాషలో వాళ్లకు చదువు చెప్పాలన్న ఆలోచన ఆయన చేతల్లో సవర బడిలోనూ ఉంది, తెలుగు బడిలోనూ ఉంది. ఒకదాన్ని పండగ చేసి రెండోదాన్ని అటకెక్కించాం.

ఇంకొకరు సంతాలుల పండిత్ రఘునాథ్ ముర్ము. 1905లో ఒడిశా మయూర్‌భంజ్‌లో పుట్టారు. తన ఇంటి భాష ఒకటి, బడి భాష ఇంకొకటి కావడం చిన్ననాడే ఆయన్ని కుదిపింది. 1925లో సంతాలీ కోసం ఓల్ చికి లిపిని రూపొందించారు. బడిపంతులుగా, హెడ్మాస్టరుగా పనిచేస్తూనే ఆ లిపిని ఊరూరా నేర్పారు, అందులో నాటకాలు రాశారు. అక్షరాలు తయారుచేయడం కష్టమే, కానీ అవి జనంలో బతికేలా చేయడం ఇంకా కష్టం. నాటకం చూడడానికి వచ్చినవాడు అక్షరం వైపు తిరుగుతాడని ఆ హెడ్మాస్టరుకు తెలుసు. 2003 రాజ్యాంగ సవరణతో సంతాలీ ఎనిమిదో షెడ్యూల్లో చేరింది. మన గోండీ ఇంకా బయటే ఉంది. నార్నూర్ మండలం గుంజాలలో పాత రాతప్రతుల్లో దొరికిన గోండీ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఫోనులో రాసుకునే వీలు వచ్చింది. రాసే అలవాటు చేయించాల్సింది బడి.

ఇక మా తరం సంగతి. షెడ్యూల్డ్ ప్రాంతాల బళ్లలో పంతులు పోస్టులు స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 1986లో జీవో 275 వచ్చింది, కోర్టు గొడవల్లో పడింది. 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది. ఏజెన్సీ బళ్లలో పంతులు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంది. మైదానం నుంచి వేసిన పంతుళ్లు బడికి రాకపోవడమే అందుకు సర్కారు చెప్పిన కారణాల్లో పెద్దది. మేం ఆ జీవో నీడలో ఉద్యోగాల్లోకి వచ్చినవాళ్లం. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నూటికి నూరు రిజర్వేషన్ చెల్లదని దాన్ని కొట్టేసింది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాల జోలికి మాత్రం పోలేదు. లాక్‌డౌన్ రోజులవి. ఊరు కదలకూడదు, గుంపు కూడకూడదు. మా తమ్ముళ్లు, చెల్లెళ్లు శిక్షణ ముగించి పోస్టుల కోసం ఎదురుచూస్తున్నారు. వాళ్ల దారి ఫోనులో వచ్చిన ఒక వార్తతో మూసుకుపోయింది. దీని మీద తీర్మానాలు చేశాం, ధర్నాలు చేశాం, ఇంకా చేస్తాం. అది ఒక పక్క.

ఇంకో పక్క మనల్ని మనం అడగాల్సిన ప్రశ్న ఉంది. ఆ ఇరవై ఏళ్లలో మేం ఏం చేశాం? భాష తెలిసిన పంతులు ఊళ్లోకి వచ్చాడు, అది నిజం. బడి తలుపు రోజూ తెరుచుకుంది, అదీ నిజం. కానీ మాలో చాలామందిమి ఉట్నూరులోనో ఆదిలాబాదులోనో ఇల్లు కట్టుకుని, మా పిల్లల్ని ఇంగ్లీషు ప్రైవేటు బడిలో వేసి, బండి మీద పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్లమయ్యాం. తరగతిలో గోండీ మాట్లాడితే అధికారి ఏమంటాడోనని తెలుగే మాట్లాడాం. 2004లో మొదలైన బహుభాషా విద్యలో గోండీ, కొలామీ, కోయ, సవర వంటి ఎనిమిది భాషల్లో వాచకాలు వచ్చాయి. వాటిని తెరవకుండా బీరువాలో పెట్టిన బళ్లు ఉన్నాయి. తాళంచెవి మన చేతిలోనే ఉండింది. కోర్టు తీర్పు మీద కోపం తెచ్చుకునే హక్కు మనకు ఉంది, ఈ సంగతి దాచిపెట్టే హక్కు లేదు.

హెడ్మాస్టరు అంటే కుర్చీ అనుకునేవాళ్లకు ఏకోపాధ్యాయ బడి చూపించాలి. అక్కడ పెద్దసారూ మేమే, చిన్నసారూ మేమే, గంట కొట్టేదీ మేమే. డిప్లొమా చదువుతో వచ్చినవాళ్లం కనుక మాకు దొరికే పెద్దరికం చిన్నబడిదే. ఆ చిన్నబడిలో, తర్వాత కొన్నాళ్లు ఆశ్రమ పాఠశాల ఇన్‌చార్జి బాధ్యతలో నేర్చుకున్నవి కొన్ని ఉన్నాయి. కొత్తగా వచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పనికొస్తాయేమో.

ఎక్కువ పని రిజిస్టరు దగ్గరే ఉంది. మెస్రం, ఆత్రం, సిడాం, తొడసం, పెందూర్, కొవ్వ, మడావి, ఇవి మన ఇంటిపేర్లు మాత్రమే కావు. ఎన్ని పేన్ల వంశమో, ఎవరికి ఎవరు సగలో అందులోనే ఉంది. చేర్చుకునే రోజు తెలియని పంతులు చెవికి తోచినట్టు రాస్తాడు. అన్నకు ఒక పేరు, చెల్లెలికి ఇంకో పేరు పడుతుంది. పదేళ్ల తర్వాత కుల ధ్రువపత్రం దగ్గర తహసీల్దారు ఆఫీసులో ఆ అక్షరం అడ్డం పడుతుంది, సీటు పోతుంది. పుట్టిన తేదీ కూడా అంతే. మా వయసువాళ్లలో ఎంతమందిని అడిగినా పుట్టినరోజు జూన్‌లోనే ఉంటుంది, బడి తెరిచే నెలలో పుట్టడం మనకు ఆనవాయితీ కాబోలు. పేరు రాసేముందు తల్లినో తాతనో కూర్చోబెట్టి అడిగి రాయాలి. ఒక పూట పోతుంది. పోనీయాలి.

రెండోది కాలం. దీపావళికి ముందు దండారి వస్తుంది, గుస్సాడీల వెంట పిల్లలు ఊళ్లు తిరుగుతారు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా. చలికాలమంతా పత్తి ఏరుడు. ఎండాకాలం మొదట్లో ఇప్పపువ్వు రాలుతుంది, తెల్లవారకముందే తల్లి వెంట పిల్లలూ అడవికి పోతారు. సరిగ్గా అప్పుడే పరీక్షలు. ఈ క్యాలెండరు తెలియని పెద్దసారుకు మన పిల్లలు ఎప్పుడూ ఎగ్గొట్టేవాళ్లుగానే కనబడతారు. మార్లవాయికి చెందిన కనకరాజుకు గుస్సాడీ నేర్పినందుకే 2021లో పద్మశ్రీ ఇచ్చారు. అదే గుస్సాడీ ఆడడానికి వెళ్లిన పిల్లవాడికి గైర్హాజరు వేస్తాం. సెలవుల్లో కొన్నిటిని స్థానికంగా సర్దుకునే వీలు ఉంది. పటేల్‌తో, తల్లిదండ్రుల కమిటీతో కూర్చుని ఏడాది మొదట్లోనే తేదీలు అనుకుంటే సగం గొడవ తీరుతుంది.

ఇక్కడ మేం చేసిన తప్పు చెప్పుకోవాలి. ఇన్‌చార్జిగా ఉన్న మొదటి ఏడాది హాజరు శాతం బాగుండాలని పట్టుదల పట్టాం. పత్తి కాలంలో నెలరోజులు రాని ఆరుగురి పేర్లు తీసేశాం. అయిదుగురు గోండుగూడెం పిల్లలు. వాళ్ల తండ్రులు వచ్చి అరిచారు, మళ్లీ చేర్చాం. ఆరో పిల్ల గుట్ట మీది కొలాం గూడెం పిల్ల. ఎవరూ రాలేదు. నాలుగు కిలోమీటర్ల ఎక్కుడు, ఈ వారం, వచ్చేవారం అని మేమూ పోలేదు. పోయేసరికి ఆ పిల్ల మేనమామ ఊరికి పనికి వెళ్లిపోయింది. ఆ తర్వాత బడి ముఖం చూడలేదు. కొలామీలో నీళ్లను ‘ఈర్’ అంటారు. మా తరగతిలో ఆ పిల్ల ఎన్నిసార్లు నీళ్లడిగిందో, మేం ఎన్నిసార్లు అర్థం చేసుకున్నామో గుర్తు లేదు. ఆదివాసీ పంతులు అయినంత మాత్రాన అందరి భాషా రాదు. మన ఎదుట కూర్చున్న కొలాం, నాయక్‌పోడ్, తోటి పిల్లలకు మనం కూడా ఆ పట్నం సారులాగే కనబడుతుండొచ్చు.

ఆశ్రమ పాఠశాలలో పెద్దసారు పని రాత్రి మొదలవుతుంది. వానాకాలం జ్వరాల కాలం. రాత్రి పదిగంటలకు ఒకసారి మంచాల మధ్య తిరిగి నుదురు ముట్టి చూడాలి. వణుకు వచ్చిన పిల్లను పొద్దున చూద్దాం అనుకోకూడదు, అప్పుడే పీహెచ్‌సీకి తీసుకెళ్లాలి. ఇంటికి పంపేస్తే మన రికార్డు శుభ్రంగానే ఉంటుంది, పిల్ల మాత్రం దారిలోనో పూజారి ఇంట్లోనో ఉంటుంది. ఏజెన్సీ హాస్టళ్లలో పిల్లల చావుల వార్తలు చదివినప్పుడల్లా మాకు తట్టేది ఇదే, ఆ రాత్రి ఎవరైనా నుదురు ముట్టి చూశారా అని. అలాగే వంటగది. పిల్లలతో పాటు అదే పళ్లెంలో, అదే వరుసలో కూర్చుని తినే పెద్దసారు ఉన్న చోట పప్పు పలచబడదు. దీనికి జీవో అక్కర్లేదు.

ఇప్పుడు కొత్తగా వచ్చిన సంగతి ఏకలవ్య బళ్లు. 740 బళ్లకు 38,800 మంది పంతుళ్లను, సిబ్బందిని తీసుకుంటామని 2023 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు. ఎంపిక ఢిల్లీ నుంచి జరిగింది, పరీక్షలో హిందీ పరిజ్ఞానం అడిగారు. ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చిన ప్రిన్సిపాల్, పంతుళ్లు మన పిల్లల ముందు నిలబడ్డారు. వాళ్లు కష్టపడి చదివి ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లే, వాళ్ల మీద మాకు కోపం లేదు. కానీ గోండీ నుంచి తెలుగు, తెలుగు నుంచి ఇంగ్లీషు దాకా ఎలాగో ఎక్కిన పిల్లకు ఇప్పుడు పంతులుతో మాట్లాడడానికి హిందీ మెట్టు ఒకటి వచ్చింది. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సదుపాయం ఉండాలని రాజ్యాంగం 350ఎ అధికరణం అంటుంది. 1943లో రాజ్యాంగం లేదు, మార్లవాయిలో ఆ సదుపాయం ఉండింది.

ఆ కేంద్రంలో చదివి పంతుళ్లయిన మన తాతల్లో ఇప్పుడు మిగిలినవాళ్లు ఉండకపోవచ్చు. వాళ్ల కొడుకులు, మనవలు ఉన్నారు. వాళ్ల గురించి మనవాళ్లు రాసింది చాలా తక్కువ, రాసిందంతా బయటివాళ్లే. యువకులు ఒక పని చేయాలి. మీ ఊళ్లో ‘మా తాత మార్లవాయిలో సదివిండు’ అనే ఇల్లు ఉందేమో అడగండి. ఏ ఊరికి పంతులుగా పోయాడు, ఎంత జీతం, పిల్లలు ఎందరు, ఏ పాట నేర్పాడు, అన్నీ ముసలివాళ్లు చెప్పినట్టే గోండీలో రాసుకోండి. దూలం మీద, ధాన్యం గుమ్మి వెనక, దేవుడి పెట్టెలో దేవనాగరి అక్షరాల గోండీ వాచకం చినిగిపోయినది దొరికినా పారేయొద్దు. ఆ ఇంటివాళ్ల అనుమతి తీసుకుని ప్రతి పేజీ ఫొటో తీయండి, పుస్తకాన్ని ఆ ఇంట్లోనే ఉండనివ్వండి.